సామాజిక సిద్ధాంతాల్లో ఉమ్మడి అంశం పట్టుకోవడం ఎలా?

బ్లూమర్, గాఫ్‌మన్, గార్ఫింకెల్, బ్లా అనే నలుగురు సమాజశాస్త్రవేత్తల సిద్ధాంతాల్లో ఉమ్మడి అంశమేమిటని అడిగితే జవాబు రాసే పద్ధతి ఇది.

కావాల్సినవి: కాగితం, పెన్సిల్, ఒకే ఒక్క సంఘటన. పెన్ను వద్దు, కొట్టివేతలు చాలా ఉంటాయి. పట్టిక అసలే వద్దు. నాలుగు గడులు గీసి నలుగురి పేర్లు నింపేసి పనైపోయిందనిపించడం గైడు పుస్తకాల అలవాటు.

1. సంఘటన చిన్నదిగా ఉండాలి. సిరిమానోత్సవం లాంటి పెద్ద జాతర తీసుకుంటే అందులోనే మునిగిపోతారు. విజయనగరం గంటస్తంభం దగ్గర వంకాయల బేరం చాలు.

"ఏటమ్మా, కేజీ నలభయ్యా?"

"నీకైతే ముప్పై అయిదు బాబూ, రోజూ వస్తావు కదేటి."

తూకమయ్యాక కొసరుగా గుప్పెడు కరివేపాకు సంచిలో పడుతుంది. అక్కడ ఆపండి.

2. నలుగురి చేత ఒక్కో మాట చెప్పించండి. ఆ కరివేపాకుకు అర్థం ఇద్దరి మధ్యే పుట్టిందంటాడు బ్లూమర్ (అర్థాలు మనుషుల మధ్య వ్యవహారంలోనే పుడతాయనే ఈ ఆలోచనకు సింబాలిక్ ఇంటరాక్షనిజం అన్న పేరు 1937లో పెట్టింది ఈయనే). 'నువ్వు నా ఖాతాదారువి' అని చూపించే ప్రదర్శన అంటాడు గాఫ్‌మన్. ఎవరూ చెప్పకుండానే ఇద్దరికీ తెలిసిన పద్ధతిని చూడమంటాడు గార్ఫింకెల్. పీటర్ బ్లాకి అది ఇచ్చిపుచ్చుకోలు. నాలుగో మనిషిగా ఇదే ఇచ్చిపుచ్చుకోలు (సామాజిక వినిమయం) గురించి రాసిన హోమన్స్‌ని కాదు, బ్లానే తీసుకోవాలి. హోమన్స్ 1958 వ్యాసంలోని లాభనష్టాల లెక్క దగ్గరే ఆగితే కొసరు వట్టి డిస్కౌంటుగా మిగులుతుంది. సామాజిక వినిమయంలో బదులు ఏమివ్వాలో ముందుగా తేల్చుకోరని బ్లా 1964లో చెప్పాడు. కొసరు సంగతి అదే కదా.

3. అందరూ పాడుచేసేది ఇక్కడే. "నలుగురూ మనుషుల మధ్య సంబంధాల గురించే చెప్పారు" అని రాస్తారు. అది ఉమ్మడి అంశం కాదు, సబ్జెక్టు పేరు.

పోలికలు వెతకకండి. సంఘటనను ఊహలో చెడగొట్టండి. కరివేపాకు చూసి "దీనికెంత?" అని కొనేవాడు చిల్లర తీశాడనుకోండి. ఆమె మొహం చిన్నబోతుంది. కొసరు అర్థం మారింది, పాత్ర దెబ్బతింది, చెప్పని పద్ధతి బయటపడింది, రుణం కాస్తా సరుకైంది. నలుగురి వేలూ ఒక్కచోటికే వెళ్తోంది: 'ఇక్కడ జరుగుతున్నది ఏమిటి' అన్నదానిపై ఇద్దరూ నిలుపుకుంటున్న అవగాహన. మనుషులు నిజమనుకున్న పరిస్థితి దాని ఫలితాల్లో నిజమవుతుందని 1928లోనే సమాజశాస్త్రవేత్తలు డబ్ల్యూ.ఐ. థామస్, డొరతీ థామస్ రాశారు.

నిజంగా మాత్రం చెడగొట్టకండి. గార్ఫింకెల్ విద్యార్థులు ప్రయోగంగా సొంతింట్లో అద్దెకున్నవాళ్లలా మసలితే ఇంట్లోవాళ్లు మండిపడ్డారు. మన మార్కెట్లో ఆ పని చేస్తే వంకాయలు కూడా దొరకవు.

ఇంకో జాగ్రత్త. ఉమ్మడి అంశం దొరికిందని తేడాలు చెరిపేయకండి. ఎందుకిస్తారన్నది బ్లా ప్రశ్న. క్రమం ఎలా నిలబడుతోందన్నది గార్ఫింకెల్‌ది. ఉమ్మడి అంశంగా మీరు రాసిన వాక్యాన్ని నలుగురిలో ఒక్కరు కాదన్నా కొట్టేయండి.

4. జవాబు రాయడం సులువే: ఉమ్మడి అంశం ముందు, తేడాలు తర్వాత. రాశాక శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో ఆటో బేరంతో సరిచూడండి. అక్కడ కొసరుండదు. మీ వాక్యం అక్కడ నిలబడకపోతే మళ్లీ మూడో మెట్టుకే.