శనగ సాగు నేర్చుకుందాం - నాలుగో పాఠం: పీకి చూస్తేనే తెలిసే తెగులు

పోయిన పాఠం విత్తనశుద్ధి దగ్గర ఆగింది. కిలో విత్తనానికి పది గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగులు బూజులను అణిచే మేలు చేసే బూజు) పట్టించి, నీడన ఆరబెట్టి విత్తారనుకుందాం. నవంబరు మొదట్లో వేసిన చేనుకు ఇప్పుడు నెల దాటింది. ప్రత్తిపాడు, పెదనందిపాడు వైపు నల్లరేగడి చేలల్లో అక్కడక్కడా నాలుగైదు మొక్కలు తల వాల్చడం ఈ రోజుల్లోనే మొదలవుతుంది.

అప్పుడు చాలామంది చేసే పని, గుంటూరు వెళ్లి మందుల కొట్లో "బాబాయ్, శనగ ఎండిపోతోంది, ఏదైనా మందివ్వు" అనడం. ఆయన ఇస్తాడు, ఇవ్వక ఏం చేస్తాడు? కానీ ఎండిపోవడానికి ముఖ్యంగా మూడు తెగుళ్లు కారణం. మూడూ నేలలోని బూజుల వల్ల వచ్చేవే. గట్టు మీద నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి, చేయాల్సిన పని మాత్రం దేనికది వేరు. అందుకే ఈ పాఠంలో మందు సంగతి కొంచెమే, మొక్కను పీకి చూడటం ఎక్కువ.

ఒక చిన్న గునపం, ఒక బ్లేడు చాలు. పూర్తిగా ఎండిన మొక్కను తీసుకోకండి. చచ్చిన వేరు మీద ఏ బూజైనా పెరుగుతుంది, అది చూసి మోసపోతారు. నిన్నో మొన్నో వాడిపోవడం మొదలై, ఇంకా పచ్చిగా ఉన్న మొక్క కావాలి. పోల్చుకోవడానికి పక్కనే ఉన్న మంచి మొక్కను కూడా ఒకటి తీయండి. చేత్తో లాగొద్దు, పక్కన తవ్వి మట్టితో సహా పెళ్లగించండి. ఎందుకో మూడో తెగులు దగ్గర తెలుస్తుంది.

ముందుగా కాండం నేలను తాకే చోటు చూడండి. అక్కడ మెత్తబడి కుళ్లి, తెల్లటి బూజు దారాల్లా అల్లుకుని ఉంటే అది మొదలుకుళ్లు. బూజు మధ్యలో ఆవగింజలంత గుండ్రటి గింజలు కూడా కనిపించవచ్చు. ఇవి మొదట తెల్లగా ఉండి తర్వాత గోధుమ రంగుకు తిరుగుతాయి. ఈ తెగులు విత్తిన ఆరు వారాల లోపే ఎక్కువ. నేలలో తేమ అతిగా ఉన్నా, ముందు పంట మోళ్లు చివకకుండా మిగిలినా బలపడుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటి తుపాను వచ్చినప్పుడు, లేత శనగలో ముందుగా చూడాల్సింది దీన్నే. నీరు నిలవకుండా వెంటనే కాలువలు తీయాలి. ఆ పని చేయకుండా మందు పోస్తే డబ్బు దండగ.

మొదలు శుభ్రంగా ఉంది, వేరు కూడా పైకి బాగానే ఉంది, అయినా మొక్క వాడిందంటే బ్లేడు తీయండి. మొదలు నుంచి వేరు వైపు నిలువునా చీల్చండి. లోపల నల్లటి లేదా ముదురు గోధుమ రంగు చార కనిపిస్తే అది ఎండు తెగులు. ఫ్యుజేరియం అనే బూజు నీటి గొట్టాల్లో చేరి మూసేస్తుంది, అందుకే నేలలో పదును ఉన్నా మొక్క దాహంతో చస్తుంది. మంచి మొక్కను కూడా అలాగే చీల్చి పక్కన పెట్టండి, తేడా ఒక్కసారి చూస్తే ఇక మర్చిపోరు.

ఎండు తెగులు పట్టిన మొక్కను బతికించే మందు లేదు. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి, చచ్చిన చోటు చుట్టూ ఉన్న మొక్కల మొదళ్లు తడపమంటారు. గుంపు చిన్నదైతే చేయండి, ఎకరమంతా పిచికారీ మాత్రం వద్దు. ఆకు మీద పడిన మందు వేరులోని బూజును ఏం చేస్తుంది? ఈ బూజు శనగ లేకపోయినా ఏళ్ల తరబడి నేలలో బతుకుతుంది. కాబట్టి అసలు వైద్యం వచ్చే ఏడాదే: అదే చేలో జొన్నో మొక్కజొన్నో వేయడం, మళ్లీ శనగ వేసినప్పుడు జేజీ 11 లాంటి తట్టుకునే రకం ఎంచుకోవడం. కౌలు చేనైతే పంట మార్చమని చెప్పడం తేలికే, చేయడం కష్టం. కనీసం ఈ చేలో పండిన గింజను విత్తనానికి ఉంచకండి. తెగులు విత్తనంతో కూడా వస్తుంది.

మూడోది ఎండు వేరుకుళ్లు. ఇది చలిలో పెద్దగా కనిపించదు. సంక్రాంతి దాటి ఎండ 30 డిగ్రీలు మించి, నేలలో పదును తగ్గి, చేను పూతా కాయా మీద ఉన్నప్పుడు వస్తుంది. మొక్క గడ్డి రంగుకు తిరుగుతుంది. చేత్తో లాగితే తల్లివేరు పుటుక్కున తెగి, కింది ముక్క భూమిలోనే ఉండిపోతుంది. తవ్వమన్నది అందుకే. తవ్వి తీస్తే వేరు నల్లగా, పెళుసుగా, పిల్లవేర్లు లేకుండా ఉంటుంది. మొదలుకుళ్లుకు నీరు తీసేస్తే, దీనికి నీరు ఇవ్వాలి. అదీ తేలికపాటి తడి మాత్రమే, స్ప్రింక్లర్ ఉంటే మేలు. నల్లరేగడిలో మడి నిండా పారిస్తే కొత్త సమస్య తెచ్చుకున్నట్టే. ఆలస్యంగా విత్తిన చేలకే ఈ బాధ ఎక్కువ, కాయ పట్టే వేళకు ఎండలు వచ్చేస్తాయి కదా.

ఈ మూడూ కాక ఆకులు ఎర్రబడి మొక్క గిడసబారితే పేనుబంక మోసే వైరస్ కావచ్చు. కాబూలీ (పెద్ద తెల్ల శనగ) రకాల్లో ఎరుపుకు బదులు పసుపు కనిపిస్తుంది. దాని సంగతి విడిగా చెప్పుకుందాం.

ఈ వారం అభ్యాసం: చేలో మూడు వేర్వేరు చోట్ల ఒక్కో వాడిన మొక్క తవ్వి, మొదలు, వేరు, చీల్చిన లోపలి భాగం, ఈ మూడింటినీ ఫోటో తీయండి. విత్తిన తేదీ, చివరి వాన, ముందు వేసిన పంట రాసి పెట్టుకోండి. తేల్చుకోలేకపోతే మొక్కను మట్టితో సహా తడి గోనెలో చుట్టి రైతు సేవా కేంద్రానికో, గుంటూరు దగ్గరి లాం ఫారానికో (వ్యవసాయ పరిశోధనా కేంద్రం) తీసుకెళ్లండి.

వచ్చే పాఠం శనగపచ్చ పురుగు. ఈలోగా ఎకరానికి నాలుగు లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టేవి) తెచ్చి ఉంచండి, పూత మొదలయ్యాక వెతుక్కుంటే ఆలస్యమవుతుంది.