ఎండాకాలంలో కళ్ళ మంట, గరగర, దురద: విశాఖలో ఏది ఎందుకొస్తుంది, ఏం చేయాలి

మన విశాఖ ఉక్కపోత ఊరు. ఇంత తేమలో కళ్ళు పొడిబారడమేంటని చాలామంది అనుకుంటారు. కానీ మే నెలలో పడమటి గాలి గట్టిగా వీచి, సముద్రపు గాలిని ఊళ్ళోకి రానివ్వని రోజులుంటాయి. ఇక పొద్దంతా ఏసీ గదిలో ఉండేవాళ్ళకి బయటి తేమ అందనే అందదు, ఉన్న తేమని కూడా ఏసీ లాగేస్తుంది. మెడికల్ షాపుకెళ్ళి "కళ్ళు ఎర్రబడ్డాయి, చుక్కల మందివ్వండి" అని అడిగే ముందు కారణం ఏమిటో చూసుకోండి. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి చేటు చేస్తుంది.

సాయంత్రానికి మంట, ఇసుక పడ్డట్టు గరగర, ఉండుండి ధారగా నీళ్ళు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. నీళ్ళు కారుతున్నాయంటే కన్ను తడిగా ఉన్నట్టే కదా అనుకుంటారు. కన్నీటి పొర మీద రెప్పల అంచు గ్రంథుల నుంచి వచ్చే సన్నని నూనె పొర ఉంటుంది. అది తగ్గినా, రెప్పలు సరిగా వేయకపోయినా తడి ఆవిరైపోయి కన్ను మండుతుంది. ఆ మంటకి ఒక్కసారిగా నీళ్ళు ఊరతాయి. వాటిలో నూనె పాలు తక్కువ కాబట్టి కంట్లో నిలవక చెంపల మీదికి జారిపోతాయి. మామూలుగా నిమిషానికి 15 సార్లు వేసే రెప్ప, కంప్యూటర్ ముందు కూర్చుంటే సగానికి పడిపోతుంది. రుషికొండ ఐటీ ఆఫీసుల్లో పనిచేసే పిల్లలకి ఏసీ, స్క్రీన్ రెండూ కలిసొస్తాయి.

ముందు ఏసీ గాలి ముఖానికి తగలకుండా కుర్చీ జరుపుకోండి. మానిటర్ కంటి ఎత్తుకి కాస్త కిందికి దించండి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతల ఉన్నదాన్ని 20 సెకన్లు చూస్తూ, రెప్పల్ని పూర్తిగా మూసి తెరవండి. రాత్రి గోరువెచ్చని నీళ్ళలో పిండిన శుభ్రమైన గుడ్డని మూసిన కళ్ళ మీద 5 నుంచి 10 నిమిషాలు ఉంచి, రెప్పల అంచుల్ని మెల్లగా నిమరండి. ఈ ఎండల్లో వేడి కాపడమా అనిపిస్తుంది గానీ, గ్రంథుల్లో గట్టిపడ్డ నూనె కరగాలంటే వెచ్చదనం కావాలి. తడి కోసం వాడే లూబ్రికెంట్ చుక్కలు రోజుకి 4 సార్లకు మించి అవసరమైతే ప్రిజర్వేటివ్ (మందు చెడిపోకుండా కలిపే రసాయనం) లేనివే తీసుకోండి.

పొద్దున లేవగానే గరగర ఎక్కువగా ఉంటే ఫ్యాన్ గాలి ముఖం మీదికి రాకుండా పడుకుని చూడండి.

దురద, నలపకుండా ఉండలేకపోవడం

ఇది చాలావరకు ఎలర్జీ. దుమ్ము, పుప్పొడి కారణం. పిల్లల్లో ఎండాకాలం ముదురుతుంది. నలిపేకొద్దీ దురద పెరుగుతుంది, ఏళ్ళ తరబడి నలిపితే నల్లగుడ్డు పైపొర పలచబడి ముందుకు పొడుచుకు రావచ్చు. చల్లని తడిగుడ్డ వేయండి, ఎలర్జీ చుక్కలు డాక్టరుని అడిగి వాడండి.

దయచేసి స్టెరాయిడ్ చుక్కలు మాత్రం సొంతంగా కొనకండి. రెండు రోజుల్లో ఎరుపు పోతుంది, అందుకే మళ్ళీ మళ్ళీ అదే కొంటారు. నెలల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి, కంటి నరాన్ని దెబ్బతీసే గ్లాకోమా రావచ్చు, శుక్లం కూడా రావచ్చు. గ్లాకోమాతో పోయిన చూపు తిరిగి రాదు.

బండి మీద వచ్చాక గుచ్చుకోవడం

గాజువాక దారిలో లారీల దుమ్ము, పోర్టు వైపు బొగ్గు పొడి. హెల్మెట్ అద్దం దించుకునే నడపండి. నలుసు పడితే నలపకుండా, కొంగు అంచుతో తీయకుండా, శుభ్రమైన నీళ్ళతో కడగండి. ఆటోనగర్ షెడ్డుల్లో గ్రైండింగ్ చేస్తుండగా పడ్డ ఇనుప రజను మాత్రం పక్కవాళ్ళ చేత తీయించుకోవద్దు, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఎండకి నల్లద్దాలు కొంటే అతినీలలోహిత కిరణాల్ని ఆపే యూవీ 400 అని ఉన్నవే కొనండి. ఆ రక్షణ లేని నల్లద్దాల వెనక కంటిపాప పెద్దదై, హానికర కిరణాలు ఇంకా లోపలికి వెళ్ళొచ్చు.

పుసులు కట్టి రెప్పలు అంటుకుపోవడం

ఇది ఎండ వేడి కాదు, కళ్ళకలక అయ్యే అవకాశం ఎక్కువ. తువ్వాలు, దిండు విడిగా పెట్టండి. తల్లిపాలు, ఆముదం, తేనె కంట్లో వేయకండి.

ఆగకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సినవి

చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం, తీవ్రమైన నొప్పి, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్ళకి కన్ను ఎర్రబడినా అంతే, ముందు లెన్స్ తీసేయండి. ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ ఉంది. వెళ్ళేటప్పుడు ఇప్పటిదాకా వేసిన చుక్కల సీసాలన్నీ వెంట తీసుకెళ్ళి చూపించండి.