జైల్లో ఉన్నవాళ్లతో కలిసి ఇంటరాక్టివ్ డాక్యుమెంటరీ ఎలా చేయాలి?

చూసేవాళ్లు తామే ఒక గొంతును ఎంచుకుని, అక్కడి నుంచి ఇంకొకరి కథలోకి వెళ్లగలిగేది ఇంటరాక్టివ్ డాక్యుమెంటరీ. కాలిఫోర్నియాలోని చౌచిల్లా మహిళా జైలు ఖైదీలతో కళాకారిణి షారన్ డేనియల్ చేసిన ‘పబ్లిక్ సీక్రెట్స్’ దీనికి మంచి ఉదాహరణ. అందులో మాట్లాడేవాళ్ల ముఖాలు కనబడవు. వాళ్ల గొంతులు వినిపిస్తాయి, తెర మీద మాటలు కదులుతాయి. మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా కూడా అదే: కెమెరా వద్దు, గొంతు చాలు.

1. అనుమతి: కేంద్ర హోంశాఖ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం జైళ్ల శాఖకు ముందే దరఖాస్తు చేసి, లక్ష రూపాయల డిపాజిట్ కట్టాలి. రికార్డింగును జైలు అధికారులు పరిశీలిస్తారు. ఈ సంగతి ఖైదీలకు మొదటి రోజే చెప్పండి. ఎవరు వింటారో తెలిశాకే ఏం మాట్లాడాలో వాళ్లు నిర్ణయించుకోవాలి.

2. సమ్మతి: అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. 2022 లెక్కల్లో మన జైళ్లలో నాలుగింట మూడు వంతుల మంది విచారణ ఖైదీలే. కేసు గురించి వాళ్లు అన్న ఒక్క మాట రేపు కోర్టులో వాళ్లకే ఎదురు తిరగొచ్చు. అందుకే కేసు ఊసే ఎత్తకండి. సమ్మతి పత్రాన్ని తెలుగులో చదివి వినిపించండి, లాయరుతో మాట్లాడుకోవడానికి టైమివ్వండి. అసలు పేర్లు వాడొద్దు. జైల్లో ఉన్న మనిషికి ‘వద్దు’ అనడం చాలా కష్టం. అందుకే ఒప్పుకున్నాక కూడా మనసు మార్చుకోవచ్చని ప్రతిసారీ గుర్తు చేయండి.

3. రికార్డింగ్: ‘మీ జీవితం చెప్పండి’ అంటే ఎవరైనా బిగుసుకుపోతారు. ములాఖత్ రోజు ఎలా గడుస్తుంది, సాయంత్రం బ్యారక్‌కు తాళం పడ్డాక ఏం వినిపిస్తుంది అని అడగండి. ఒకరినొకరు ఇంటర్వ్యూ చేసుకోనివ్వండి. మనకు తట్టని ప్రశ్నలు వాళ్లకు తడతాయి.

4. కూర్పు: చాలామంది కళాకారులు ఇక్కడే ఖైదీలను వదిలేసి ఇంటికొచ్చి ఎడిట్ చేసుకుంటారు. అలా చేస్తే కలిసి చేసినట్టు కాదు. లోపల ఇంటర్నెట్ ఉండదు కాబట్టి ముఖ్యమైన వాక్యాలను కాగితం ముక్కల మీద ప్రింట్ తీసి తీసుకెళ్లండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి. ఏ మాట పక్కన ఏ మాట ఉండాలో, ఏది తీసేయాలో వాళ్లే నేల మీద పేర్చి చూపిస్తారు. ఆ పేర్పునే లింకులుగా మార్చండి.

5. వెబ్ పేజీ: లింకులతో కథలు అల్లడానికి ఉచితంగా దొరికే ట్వైన్ (Twine) అనే సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. మామూలు ఫోన్లో తెరుచుకునేలా చూడండి. ప్రతి గొంతునూ విడి ఫైలుగా ఉంచండి. విడుదలయ్యాక పెళ్లికో ఉద్యోగానికో ఇబ్బందని ఎవరైనా తీసేయమంటే, మిగతాది చెడకుండా అదే రోజు తీసేయొచ్చు.