జాస్పర్ ఉంగరాన్ని పొడిగుడ్డతో తుడవకండి

మాది చీమకుర్తి. ఇరవై ఏళ్లుగా గ్రానైట్ పలకల పాలిష్ పనిలో ఉన్నాను. మా అమ్మ వెండి ఉంగరంలో ఉన్నది ఎర్ర జాస్పర్ రాయి. పొలం నుంచి రాగానే చీర కొంగుతో దాన్ని గట్టిగా తుడుచుకోవడం ఆమెకు అలవాటు. పదేళ్లకు మెరుపంతా పోయి ఇటుక ముక్కలా తయారైంది.

జాస్పర్ పలుగురాయి జాతిదే. సిలికా (పలుగురాయిలో, ఇసుకలో ఉండే పదార్థం) కరిగిన నీళ్లు బూడిద, బురద పొరల్లోకి ఇంకి గడ్డకట్టేటప్పుడు కంటికి ఆననంత సన్నటి పలుకులు ఏర్పడతాయి. వాటి మధ్య చిక్కుకున్న ఇనుప ఖనిజాల్లో హెమటైట్ ఎరుపునిస్తుంది, గోథైట్ పసుపునిస్తుంది. ఈ కలగలుపు 20 శాతం దాకా ఉండొచ్చు, అందుకే వెలుతురు దాటదు. కొనేటప్పుడు ఫోన్ టార్చి అంచుకు ఆనించండి. అంచు ఎర్రగా వెలిగితే అది కార్నీలియన్ అనే, వెలుతురు దాటే ఎర్రరాయి అయి ఉంటుంది. ఒంగోలు పక్కన కొణిజేడు కొండలోని చారల రాయీ ఇనుము, సిలికా కలిసిందే. కాకపోతే భూమిలోపలి వేడికి దాని పలుకులు ముదిరాయి. చుట్టమే గానీ జాస్పర్ కాదు.

రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద జాస్పర్‌ది 6.5 నుంచి 7. చాకుకు లొంగదు. కానీ పొలం దుమ్ములో, పెన్నా ఇసుకలో ఉండే పలుగురాయి పలుకులూ 7. ఆ దుమ్ముతోనే తుడిస్తే మనమే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు.

అందుకని ముందు నీళ్లలో ముంచి దుమ్ము జారనివ్వండి. గోరువెచ్చని నీళ్లలో పల్చటి కుంకుడు రసం, చంటిపిల్లల బ్రష్ చాలు. తడిగుడ్డతో అద్ది నీడన ఆరబెట్టండి. గిన్నెలు తోమే పొడి, బాత్‌రూం యాసిడ్ వద్దు. వెండి కోసం చింతపండూ వద్దు, కొన్ని రాళ్లలో సున్నపు చారలుంటాయి, పులుపు వాటిని తినేస్తుంది. ఉంగరానికి టంకం పెట్టించాలంటే ముందు రాయి తీయించండి, ఉన్నట్టుండి వేడి తగిలితే చిట్లుతుంది. నీలం, పుష్యరాగం పక్కన పెడితే దీనికి గీతలు పడతాయి, ముత్యం పక్కన పెడితే ముత్యానికి పడతాయి.

మెరుపు పోయిన రాయికి మళ్లీ పాలిష్ పెట్టొచ్చు. కంసాలి చేత రాయి ఊడదీయించి, 400, 800, 1200, 3000 నంబరు గరుకు కాగితాలను తడిపి వాటి మీద వరసగా రుద్దాలి. కాగితం మార్చిన ప్రతిసారీ రాయినీ చేతులనీ బాగా కడగాలి, ముందు కాగితపు పలుకు ఒక్కటి మిగిలినా కొత్త గీత పడుతుంది. చివర ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) గుడ్డ మీద సీరియం ఆక్సైడ్ అనే పాలిష్ పొడి ముద్ద పెట్టి రుద్దాలి. ఎంత తొందరున్నా పొడిగా మాత్రం రుద్దకండి. ఆ సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, తగ్గే జబ్బు కాదది.

అమ్మ రాయికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఇప్పుడామె ఇంటికి రాగానే ముందు చెంబులో వేలు ముంచుతోంది, ఆ తర్వాతే కొంగు అందుకుంటోంది.