కెమెరా సామాను ఇల్లంతా నిండిపోయిందా? కొనడం ఆపడం, ఉన్నది అమ్మడం ఎలాగో చెప్తా

పోయినేడు వానాకాలంలో బీరువా మీద పెట్టిన బ్యాగ్ దించి జిప్ తీస్తే ముక్కిన వాసన గుప్పుమంది. లోపల ఒక 85 ఎంఎం లెన్స్. అది నా దగ్గర ఉందన్న సంగతే మర్చిపోయా. ఇంకా దరిద్రం ఏంటంటే, అంతకు రెండు వారాల ముందే అర్ధరాత్రి దాకా కూర్చుని అదే లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో ఎంతకొస్తుందా అని వెతికా.

కెమెరా పిచ్చోళ్ళు దీన్ని గేర్ అక్విజిషన్ సిండ్రోమ్ (సామాను కొంటూనే ఉండే జబ్బు) అంటారు, షార్ట్‌గా గ్యాస్. కడుపులో గ్యాస్‌కైతే ఈనో ఉంది, దీనికి ఏమీ లేదు, పైగా ఇది పట్టినోడు ఊరుకోడు, "ఈ లెన్స్ తీస్కో బ్రో, నీ ఫోటోలు వేరే లెవెల్‌కి పోతాయ్" అని పక్కోడికి కూడా గ్యాస్ కొడతాడు. నేనూ కొట్టా, నాకూ కొట్టారు. సరే, దీంట్లోంచి ఎలా బయటపడ్డానో (పూర్తిగా కాదులే, ముప్పావు వంతు) చెప్తా.

ముందు అంతా మంచం మీద కుప్ప పొయ్యండి

ఫోన్‌లో లిస్ట్ రాసుకుందాం అనుకోవద్దు, మనసులో ఉన్నవే రాస్తాం. బీరువా, అటక, కారు డిక్కీ, ఆఫీసు డ్రాయర్, అన్నీ వెతికి తెచ్చి ఒక్క చోట పెట్టాలి. ఆఫీసు డ్రాయర్ ఎందుకంటే, ఇంటికి పార్సిల్ వస్తే మా ఆవిడ చూస్తుందని నేను సగం ఆర్డర్లు ఆఫీసు అడ్రస్‌కి పెట్టేవాణ్ణి. మీరూ అలా మొదలుపెట్టుంటే రోగం ముదిరినట్టే లెక్క.

నా మంచం మీద తేలినవి: ఒక క్రాప్ సెన్సర్ (పాత ఫిల్మ్ సైజుండే ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) డీఎస్‌ఎల్‌ఆర్, ఆరు లెన్సులు, నాలుగు ట్రైపాడ్లు, ఐదు బ్యాగులు, డబ్బా నిండా ఫిల్టర్లు. బ్యాగుల సంగతి ఎవరికైనా అంతే, పర్ఫెక్ట్ బ్యాగ్ ఎప్పుడూ నెక్స్ట్ కొనబోయేదే. ఫిల్టర్ల దగ్గర మాత్రం నా తప్పు మీరు చెయ్యొద్దు, 49 ఎంఎం మూతికి ఒకటి, 58కి ఒకటి, 67కి ఒకటి అని ప్రతి లెన్స్‌కీ విడిగా కొన్నా. మీ లెన్సుల్లో అన్నిటికంటే పెద్ద సైజు ఏదో దానికి ఒక్కటి కొని మిగతావాటికి స్టెప్-అప్ రింగ్ (చిన్న లెన్స్ మూతికి పెద్ద ఫిల్టర్ పట్టేలా చేసేది) వేస్కుంటే సరిపోతుంది, రింగ్ రెండు మూడు వందలే. మా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి అంతా చూసి, "స్టూడియో ఎప్పుడు ఓపెనింగ్?" అని ఒక్క ముక్క అని వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఫోటోల్ని అడగండి

ఏది కావాలి ఏది వద్దు అని మనల్ని మనం అడిగితే అన్నీ కావాలనే అంటాం. అందుకే ఫోటోల్ని అడగాలి. డిజిటల్ ఫోటో ఫైల్ లోపలే ఏ లెన్స్, ఎంత ఫోకల్ లెంగ్త్ (ఎంఎంలో ఉండేది, పెరిగేకొద్దీ దూరంది దగ్గరగా కనిపిస్తుంది), ఎంత అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ నంబర్ తగ్గేకొద్దీ పెద్దది) అని ఎగ్జిఫ్ డేటా ఉంటుంది. లైట్‌రూమ్ క్లాసిక్ అనే ఫోటో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి లైబ్రరీలో పైన ఫిల్టర్ బార్ ఉంటుంది, అందులో మెటాడేటా నొక్కి ఒక కాలమ్‌లో లెన్స్, ఇంకో కాలమ్‌లో ఫోకల్ లెంగ్త్ పెట్టుకుంటే దేంతో ఎన్ని తీశారో లెక్క వచ్చేస్తుంది. లైట్‌రూమ్ లేకపోతే ఎగ్జిఫ్‌టూల్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. అదీ కష్టం అనిపిస్తే ఫోల్డర్‌కి పది ఫోటోలు తీస్కుని, విండోస్‌లో రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూడండి, సంగతి అర్థమైపోద్ది.

నాది ఏడాదికి దాదాపు 5,800 ఫోటోలు. అందులో 3,900 కెమెరాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్‌వే. ఇంకో 1,500 చవకరకం 50 ఎంఎం ఎఫ్1.8తో. మోజుపడి కొన్న 10-18 వైడ్ లెన్స్‌తో 31, అవి కూడా మా బావమరిది ఫ్లాట్ అద్దెకివ్వాలి ఫోటోలు తీసిపెట్టు బావా అంటే తీసినవి. 150-600తో 260, రెండే రెండు పొద్దుల్లో, పిట్టల కోసం హైదరాబాద్ పక్కన అమీన్‌పూర్ చెరువు దగ్గర. 85తో సున్నా.

85 ఎందుకు సున్నానో అప్పుడు వెలిగింది. నాది 1.6 క్రాప్ సెన్సర్, దాని మీద 85 పెడితే దాదాపు 136 ఎంఎం లాగా పనిచేస్తుంది. మా హాల్లో మా పాపని తల నుంచి నడుము దాకా ఫ్రేమ్‌లో పట్టాలంటే నేను వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వంటింట్లోకి పోవాలి. కొన్న కొత్తలో పోయా కూడా, గ్యాస్ స్టవ్‌కి వీపు ఆనించి రెండు తీశా, అంతే ఇంక లోపల పెట్టేశా. ఆ లెన్స్ సూపర్ అని రివ్యూ చేసినోడికి ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉంది, పెద్ద స్టూడియో ఉంది. నాకున్నది డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్.

అంకెలే ఫైనల్ అని కూడా అనను. నా 55-250తో తీసినవి ఏడాదికి వందే, కానీ అవన్నీ మా పాప స్కూల్ డాన్స్‌వి, వెనక వరసలో కూర్చుని ఇంకే లెన్స్‌తోనూ తియ్యలేను, అందుకే దాన్ని ఉంచేసుకున్నా. తక్కువ వాడినా దాని పని ఇంకోటి చెయ్యలేకపోతే ఉంచుకోండి, అంతే రూలు. ఎటూ తేల్చుకోలేనివి ఒక పెట్టెలో వేసి టేప్ అతికించి, మీద డేట్ రాసి అటక ఎక్కించండి. మూడు నెలల్లో దానికోసం నిచ్చెన వెయ్యకపోతే అమ్మేయండి.

అమ్మేముందు కుళాయి కట్టేయండి

కొనడం ఆగకుండా అమ్మితే ఏమవుద్దంటే, ఆ డబ్బుతో ఇంకోటి కొంటాం. నేను రెండుసార్లు అదే చేశా. నాకు పనిచేసినవి ఇవి.

యాప్‌లో సేవ్ అయిన కార్డు తీసేయండి. నా పిచ్చి కొనుగోళ్ళన్నీ రాత్రి పదకొండు దాటాకే, మంచం మీద పడుకుని చేసినవే. లేచి, లైట్ వేసి, ప్యాంటు జేబులో పర్స్ వెతికి, కార్డు నంబర్ కొట్టాలంటే బద్ధకం వేస్తుంది. నా జీవితంలో బద్ధకం పనికొచ్చింది ఇక్కడే.

దసరా దీపావళి సేల్స్ టైమ్‌లో నో కాస్ట్ ఈఎమ్ఐ అని కనిపిస్తే ఆగి లెక్క కట్టండి. మామూలుగా ఇందులో వడ్డీ అంతా ముందే డిస్కౌంట్‌గా తగ్గిస్తారు కానీ క్రెడిట్ కార్డు బ్యాంకు ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ మాత్రం మన దగ్గరే తీస్కుంటుంది. వడ్డీ 3,000 అనుకుంటే 540 రూపాయలు, పైన ప్రాసెసింగ్ ఫీజు, దానికి మళ్ళీ జీఎస్‌టీ. డబ్బులు పెద్ద ఎక్కువేం కాదు, నిజమే, అసలు ప్రమాదం ఏంటంటే 82,000 లెన్స్ నెలకి దాదాపు ఏడువేలుగా కనిపిస్తుంది, ఏడువేలేగా అనిపిస్తుంది. నా 150-600 అలా వచ్చిందే. ఇంకోటి, ఆన్‌లైన్‌లో చాలా చోట్ల కెమెరాలకీ లెన్సులకీ రిప్లేస్‌మెంట్ మాత్రమే ఉంటుంది, నచ్చలేదంటే డబ్బు వెనక్కివ్వరు, ఆ లైన్ కొనేముందే చదవండి.

అప్‌గ్రేడ్ అనిపించినప్పుడు తేడా ఎంతో కూడా చూడండి. 50 ఎఫ్1.8 ఉండగా ఎఫ్1.4 మీద మనసు పడితే, పెరిగే వెలుతురు ఒకటిన్నర రెట్లకి కాస్త ఎక్కువ, అంతే. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో పెట్టుకునే అంకె) 1600 పెట్టేచోట 2500 పెడితే సరిపోయే తేడాకి మూడు నాలుగు రెట్ల డబ్బు.

అన్నిటికంటే గట్టి మందు అద్దె. హైదరాబాద్‌లో అయితే సినిమావాళ్ళ పుణ్యమా అని కృష్ణానగర్, యూసఫ్‌గూడ వైపు కెమెరాలు, లెన్సులు రోజు అద్దెకిచ్చే షాపులు ఉన్నాయి, ఐడీ, కొంత డిపాజిట్ అడుగుతారు. నేను ఆ పెద్ద లెన్స్ కొనేముందు ఒక్క ఆదివారం అద్దెకి తెచ్చుకునుంటే, రెండు కిలోల బరువు చేత్తో పట్టుకుని చెరువు గట్టు మీద గంట నిలబడితే భుజం ఏమవుద్దో వెయ్యి రూపాయల్లో తెలిసిపోయేది.

ఇక అమ్మడం

ముందు ఫంగస్ చూడండి. చీకటి గదిలో ఫోన్ టార్చ్ లెన్స్ వెనక నుంచి వేసి, ముందు నుంచి కొంచెం ఏటవాలుగా చూస్తే సాలెపురుగు దారాల్లాగా కనిపిస్తే అదే ఫంగస్. నా 85కి అంచున పట్టింది. కొనేవాళ్ళకి చెప్పే అమ్మా, రేటు తగ్గింది, పోనీ. ఉంచుకునేవాటికైనా గాలి దూరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న హైగ్రోమీటర్ పెట్టుకోండి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. వైజాగ్, కాకినాడ వైపు ఉండేవాళ్ళు దీనికి మాత్రం పిసినారితనం చెయ్యొద్దు.

రేటు దగ్గరే అందరికీ గుండె ఆగుద్ది. 2018లో కానన్, నికాన్ రెండూ లోపల అద్దం లేని ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌కి కొత్త మౌంట్లు (లెన్స్ తగిలించే చోట్లు) తెచ్చాక పాత డీఎస్‌ఎల్‌ఆర్ సామాను రేటు జారుతూనే ఉంది. కొన్న రేటు మర్చిపోండి, అది వెనక్కి రాదు, వచ్చే ఏడాదికి ఇవాళ్టి రేటు కూడా రాదు. నా 150-600కి కోఠిలో ఒకాయన అటూ ఇటూ తిప్పి చూసి, "డీఎస్‌ఎల్‌ఆర్ ఎవరు కొంటున్రు సార్ ఇప్పుడు" అని 38,000 అన్నాడు. షాపువాళ్ళు వాళ్ళ మార్జిన్ చూసుకుంటారు, తప్పు లేదు, తొందరుంటే అక్కడే ఇచ్చేయొచ్చు. నేను ఆన్‌లైన్‌లో పెట్టి ఐదు వారాలు ఆగా. బిల్లు, బాక్స్, హుడ్, రెండు క్యాప్‌లు అన్నీ ఉంటే బేరం తక్కువ పడుద్ది, గీతలు ఉంటే గీతల ఫోటో కూడా పెట్టండి. ఒకడైతే ఆర్మీలో ఉన్నా ట్రాన్స్‌ఫర్ అయింది అంటూ డబ్బులు పంపడానికి క్యూఆర్ కోడ్ పంపాడు స్కాన్ చెయ్యమని. డబ్బులు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు, కొట్టమన్నాడంటే దొంగే, బ్లాక్ చేసి పడేయండి.

చివరికి సిద్దిపేట నుంచి ఒక కుర్రాడు బస్సెక్కి వచ్చాడు, మెట్రో స్టేషన్ దగ్గర కలిశాం. వాడి కెమెరాకి తగిలించి కరెంటు తీగ మీద కాకిని నాలుగు తీసి, జూమ్ చేసి చూసుకుని 47,000 ట్రాన్స్‌ఫర్ చేశాడు. దసరా రోజు పొద్దున్నే వాట్సాప్‌లో పాలపిట్ట ఫోటో పంపాడు, రెక్కలు విప్పి, ఆ నీలం అంతా కనపడేట్టు. నేను మూడేళ్ళలో అలాంటిది ఒక్కటి తియ్యలేదు. కాసేపు కడుపు మండింది, అబద్ధం ఎందుకు. కింద ఇంకో మెసేజ్: "అన్నా, చేతులు గుంజుతున్నయ్, మీ దగ్గర ట్రైపాడ్ ఏమన్నా ఉందా?"

నాలుగున్నాయ్ తమ్ముడూ, ఏది కావాలి అన్నా.