ఉత్ప్రేరకాల లెక్కలు – 3వ పాఠం: మిగతాది ఏమైంది?

ముందు గత పాఠంలోని అభ్యాసానికి జవాబు. కార్బన్ డయాక్సైడ్‌ను మీథేన్ చేయడానికి ఎంత హైడ్రోజన్ కావాలన్నది ప్రశ్న. నికెల్ ఉత్ప్రేరకం (తాను ఖర్చవకుండా చర్యను వేగవంతం చేసే పదార్థం) మీద ఒక మోల్ (అణువుల సంఖ్యతో కొలిచే ప్రమాణం) కార్బన్ డయాక్సైడ్‌ను మీథేన్ చేయాలంటే 4 మోల్స్ హైడ్రోజన్ కావాలి. అందులో సగం నీళ్లలోకే పోతుంది. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త సబాటియే ఈ చర్యను 1902లోనే చూపించినా, దీంతో ఇంధనం చేయడం ఇప్పటికీ ఖరీదైన పనే. కారణం ఆ హైడ్రోజనే.

ఈసారి మిథనాల్. ఐస్‌లాండ్‌లోని స్వార్ట్‌సెంగిలో భూతాప విద్యుత్ కేంద్రం వదిలే కార్బన్ డయాక్సైడ్‌తో దీన్ని చేసే ప్లాంటు 2012లో మొదలైంది. ఈ పనికి ఎక్కువగా వాడే ఉత్ప్రేరకం రాగి, జింక్ ఆక్సైడ్, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్)ల మిశ్రమం. ఉష్ణోగ్రత 200–300 డిగ్రీల సెల్సియస్, పీడనం 50–100 బార్లు.

రియాక్టర్‌లో రెండు చర్యలు పోటీపడతాయి. ఒకటి 3 మోల్స్ హైడ్రోజన్ తీసుకుని మిథనాల్, నీళ్లు ఇస్తుంది. రెండోది ఒక్క మోల్ తీసుకుని కార్బన్ మోనాక్సైడ్, నీళ్లు ఇస్తుంది. మొదటిది వేడిని వదులుతుంది, రెండోది పీల్చుకుంటుంది. అందుకే వేడి పెంచినకొద్దీ మోనాక్సైడ్ వైపు మొగ్గుతుంది. ఉత్ప్రేరకం చర్య వేగాన్నే పెంచగలదు, సమతాస్థితిని, అంటే చర్య చివరికి ఎక్కడ నిలుస్తుందో దాన్ని, జరపలేదు.

ఇక లెక్క. అంకెలు అభ్యాసం కోసం తీసుకున్నవి. 100 మోల్స్ కార్బన్ డయాక్సైడ్ లోపలికి వెళ్లి 80 అలాగే బయటికొచ్చింది. అంటే కన్వర్షన్ (లోపలికి వెళ్లినదాంట్లో మారిన వంతు) 20 శాతం. మారిన 20లో 12 మిథనాల్, 8 మోనాక్సైడ్. సెలెక్టివిటీ (మారినదాంట్లో మిథనాల్ అయిన వంతు) 12/20, అంటే 60 శాతం. రెంటినీ గుణిస్తే దిగుబడి 12 శాతం. ఖర్చైన హైడ్రోజన్ 36 + 8 = 44 మోల్స్.

కన్వర్షన్ ఒక్కటే చెప్పే ఫలితాన్ని నేను నమ్మను. మారని వాయువును మళ్లీ రియాక్టర్‌లోకి తిప్పి పంపొచ్చు కాబట్టి 20 శాతం తక్కువేమీ కాదు. అడగాల్సింది, మారినదాంట్లో మిథనాల్ కానిది ఏమైందని. మోనాక్సైడ్ అయితే పర్వాలేదు, తిప్పి పంపితే అదీ మిథనాల్ అవుతుంది, ఒక్కో మోల్‌కు మొత్తం హైడ్రోజన్ అప్పుడూ 3 మోల్సే. మీథేన్ అయితే ఆ రియాక్టర్‌లో మళ్లీ మిథనాల్ కాదు, దానికి పోయిన హైడ్రోజన్ పోయినట్టే.

అభ్యాసం: రెండో ఉత్ప్రేరకం మీద 100లో 25 మారాయి. 5 మిథనాల్, 20 మోనాక్సైడ్. దేన్నీ తిప్పి పంపని ప్లాంటులో మోల్ మిథనాల్‌కు ఎంత హైడ్రోజన్ ఖర్చయింది? మొదటిదాంతో పోల్చండి. ఆ 20 మోనాక్సైడ్ కాక మీథేన్ అయి ఉంటేనో? అదీ కట్టి చూడండి. జవాబులతోపాటు, నీటి ఆవిరికి రాగి కణాలు ముద్దకట్టి ఉత్ప్రేరకం ఎలా నీరసిస్తుందో 4వ పాఠంలో.