వానలు ముదరక ముందే టైరు, మట్టి లెక్క చూసుకోండి

తడి నేలలో ట్రాక్టర్ దిగబడితే చాలామంది ముందు టైరును తప్పుపడతారు, ఆ తర్వాత వెనక ఇంకాస్త బరువు వేద్దామంటారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. టైరు గుబ్బలు మట్టిలో దిగి దాన్ని వెనక్కి నెడితేనే బండి ముందుకు కదులుతుంది. ఆ నెట్టుడును మట్టి ఎంతవరకు ఓర్చుకుంటుందో బండి లాగేది కూడా అంతే. ఇంజిన్ ఎన్ని హార్స్‌పవర్ అన్నది తర్వాతి సంగతి.

మట్టి బలాన్ని ఇంజినీర్లు రెండు భాగాలుగా లెక్కిస్తారు. ఒకటి, రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఉండే బలం. టైరు నేలను ఎంత ఎక్కువ మేర తాకితే ఇది అంత ఎక్కువగా దొరుకుతుంది. రెండోది రేణువుల మధ్య రాపిడి. ఇది పైన పడే బరువుతో పెరుగుతుంది. ఇసుక నేలలో రాపిడిదే పైచేయి, కాబట్టి అక్కడ బరువు వేస్తే పట్టు పెరుగుతుంది. బాగా నానిన బంకమట్టిలో రాపిడి దాదాపు అక్కరకు రాదు. బరువు పెంచినకొద్దీ చక్రం లోతుకు దిగుతుంది, ముందు మట్టి గుట్టలా లేస్తుంది, ఉన్న శక్తంతా దాన్ని తోసుకుపోవడానికే చాలదు. చక్రం ఎంత దిగుతుందో లెక్కగట్టే సూత్రాలకు 1950ల్లో పునాది వేసినవారిలో బెక్కర్ అనే ఇంజినీర్ ముఖ్యుడు. 1971లో చంద్రుడి మీద నడిచిన రోవర్ చక్రాల వెనక కూడా ఆయన కృషి ఉంది.

అందుకే బంకనేలలో చూడాల్సింది టైరు నేలను తాకే వైశాల్యం. నేల మీద పడే ఒత్తిడి సుమారుగా టైరులోని గాలి ఒత్తిడికి దగ్గరగా ఉంటుంది. గాలి కాస్త తగ్గిస్తే టైరు పరుచుకుని ఎక్కువ గుబ్బలు మట్టిని పట్టుకుంటాయి. అయితే ఎంత తగ్గించాలో అంచనాతో వద్దు. ఆ టైరుకు, ఆ బరువుకు కంపెనీ ఇచ్చిన పట్టిక చూసే తగ్గించండి, రోడ్డెక్కే ముందు మళ్లీ నింపండి. ఎండునేల దున్నడానికి బరువు కోసం టైర్లలో నీళ్లు నింపి ఉంటే, తడి పనికి అవి నిజంగా అవసరమా అని ఆలోచించండి.

పొలంలో దిగే ముందు పార లోతున మట్టి తీసి అరచేతుల మధ్య రుద్దండి. తెగకుండా 3 మిల్లీమీటర్ల సన్నటి పోగులా సాగితే పదును ఇంకా రాలేదు. ఆగండి. పైన ఆరినట్టు కనిపించడాన్ని నమ్మొద్దు.

స్లిప్‌ను, అంటే చక్రం తిరిగినంతగా బండి ముందుకు పోకుండా జారడాన్ని కూడా కొలవండి, కష్టమేమీ కాదు. వెనక టైరు మీద సుద్దతో గీత పెట్టి, నాగలి ఎత్తి 10 చుట్లకు ఎంత దూరం పోయిందో చూడండి. తర్వాత అదే నేలలో నాగలి దించి మళ్లీ 10 చుట్లు. మొదట 40 మీటర్లు, తర్వాత 35 వస్తే స్లిప్ పన్నెండున్నర శాతం. సాధారణంగా 8 నుంచి 15 శాతం మధ్య ఉంటే మంచిది. అసలు స్లిప్ లేకుండా లాగుడే ఉండదు. 20 దాటితే డీజిల్ మట్టిపాలే, టైరు కింద నేల కూడా మెత్తుకుపోతుంది. అప్పుడు దున్నే లోతు తగ్గించండి.

బరువైన ట్రాలీ విషయంలో ఇంకో మాట. పైమట్టి గట్టిపడటం గాలి ఒత్తిడిని బట్టి ఉంటుంది, లోపలి పొర గట్టిపడటం మాత్రం ఇరుసు మీది మొత్తం బరువును బట్టి. వెడల్పు టైరు వేసినా లోపలి పొరను కాపాడలేం, అది ఒకసారి గట్టిపడితే ఏళ్ల తరబడి వేర్లకు అడ్డమే. నష్టంలో ఎక్కువ భాగం మొదటిసారి తొక్కినప్పుడే జరుగుతుంది, అందుకే ట్రాలీని పొలమంతా తిప్పకుండా ఒకే జాడలో నడపండి.

ఇక దిగబడితే వెంటనే యాక్సిలరేటర్ వదిలేయండి. చక్రం తిరిగేకొద్దీ గుంత లోతవుతుంది. రెండు వెనక చక్రాలనూ ఒకే వేగంతో తిప్పే డిఫరెన్షియల్ లాక్ వేసి, తిన్నగా, నెమ్మదిగా ప్రయత్నించండి. మలుపు తిప్పే ముందు దాన్ని తీసేయడం మరవద్దు. కదలకపోతే పనిముట్టు విప్పి ఇంకో ట్రాక్టర్‌తో లాగించండి. వెనక చక్రాలకు దుంగ కట్టి బయటపడాలని మాత్రం ఎప్పుడూ చూడకండి. చక్రం తిరగలేకపోతే ఇరుసు చుట్టూ బండే లేస్తుంది, సెకనున్నరలోపే డ్రైవర్ మీదికి తిరగబడుతుంది. లాగే ట్రాక్టర్‌కు తాడును వెనక కిందుగా ఉండే లాగుడు కడ్డీ, అంటే డ్రాబార్‌కే కట్టాలి, ఇరుసుకు గానీ సీటు కింద గానీ కట్టకూడదు. తాడు బిగిసి ఉన్నంతసేపు మనుషులంతా తాడు పొడవుకు మించిన దూరంలో నిలబడాలి, పిల్లల్ని అసలు ఆ దరిదాపులకే రానివ్వొద్దు.